ఆర్మూరులో మేము ఇల్లు వెదకిన విధము

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు మాకు ఉత్తరము వ్రాసిరి. పూర్వవిద్యార్థులు తమ యుద్యోగ జీవితమున నేర్చినదానిని చిన్నవారికి తెలుపుట ఈ సంచికకు ఆచారము. మేము పెద్ద యుద్యోగులము కాము. ఆర్మూరు పట్టణమున ఒక బ్యాంకులో చిన్న అధికారిగా నున్నాము. దేశమునకు ఉపకరించు సంగతి ఏదియు మా చేతిలో లేదు. కాని, ప్రియ విద్యార్థులారా, మీలో అనేకులు మరి కొన్ని యేండ్లలో చదువు ముగించి, ఒక పెట్టెతో, ఒంటరిగా, ఎరుగని యూరికి పోవలసినవారే. ఆ యూరిలో ఎచ్చట నివసింపవలెనను ప్రశ్నకు మన పాఠ్యపుస్తకములలో జవాబు లేదు. మేమును దానిని చిన్న ప్రశ్నయనియే తలచితిమి. అట్లు తలచి రెండు తప్పులు చేసితిమి. ఆ రెంటిని దాచక వ్రాయుచున్నాము.

2023 జూన్ మాసమున నియామకపత్రము వచ్చునప్పటికి ఆర్మూరు పేరు వినియుంటిమి గాని ఊరు చూచి యెరుగము. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాలవైపు పోవు 63వ సంఖ్య జాతీయ రహదారియు అచ్చట కలిసికొనును. బస్సు ఊరు సమీపించునప్పటికి, పెద్ద పెద్ద నల్లని గుండ్లను ఎవరో తీరికగా కూర్చుండి ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న కొండ కనబడెను. అది నవనాథ సిద్ధులగుట్ట. తొమ్మిదిమంది సిద్ధులు అచ్చటి గుహలలో తపస్సు చేసిరనియు, ఆరు, మూరు అను మాటలు కలిసి తొమ్మిదిని తెలుపునట్లు ఊరికి ఆ పేరు వచ్చెననియు ఇచ్చటివారు చెప్పుదురు. ఆ రాళ్లు పడిపోక యెట్లు నిలిచియున్నవో మాకు ఈనాటికిని బోధపడలేదు.

జూన్ మాసము పసుపు నాటు దినములు. ఆ పంట సుమారు తొమ్మిది నెలలు భూమిలో నుండును. జనవరి మొదలు మార్చి వరకు త్రవ్వుదురు. త్రవ్విన దుంపను ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టి, పిదప డ్రమ్ములలో వేసి త్రిప్పి మెరుగు పెట్టుదురు. కళ్లములో పోసిన కుప్పలయొద్దనే రైతులు రాత్రులు పండుకొందురు. ఇంతయైన పిమ్మట పంట నిజామాబాదు మార్కెటు యార్డునకు పోవును. ధర నచ్చనివారు మహారాష్ట్రములోని సాంగ్లీ వరకును లారీ యెక్కించెడివారు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమున 185 మంది అభ్యర్థులు నిలిచినారన్న సంగతి మీలో కొందరు వినియుందురు. వారిలో మిక్కిలిమంది పసుపు, ఎర్రజొన్న పండించు రైతులే. గిట్టుబాటు ధరకొరకును, పసుపు బోర్డుకొరకును వారు పట్టిన పట్టు అది. ఆ బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమయ్యెను. మా బ్యాంకుపని యంతయు ఈ పంట పంచాంగమునుబట్టియే నడచును. వానకాలమున అప్పు, వేసవి మొదట చెల్లింపు. నడుమ పెండ్లియో రోగమో వచ్చినచో బంగారము తాకట్టు.

పనిలో చేరిన దినముననే తోడి యుద్యోగులు మాకు హితవు చెప్పిరి. "ఆర్మూరులో నేమున్నది? నిజామాబాదులో నుండుము. పట్టణము, రైలుబండ్లు, భోజనశాలలు, స్నేహితులు, సినిమాలు. పెండ్లికానివాడవు, ఈ పల్లెటూరి బజారులో ఏమి చేయుదువు?" అనిరి. రెండూళ్లకు నడుమ సుమారు 27 కిలోమీటర్లు. 2017లో పూర్తియైన పెద్దపల్లి మార్గమున రైలును ఆర్మూరుమీదుగానే పోవును గాని బండ్లు కొలది, వాని వేళలు మా వేళలకు పొసగవు. బస్సులు మాత్రము కావలసినన్ని. హితవు చెప్పినవారిలో నలుగురు ఆ బస్సులలోనే వచ్చి పోవువారు. కావున మేమును నిజామాబాదులో ఇద్దరితో కలిసి ఒక గది తీసికొంటిమి. మా వంతు అద్దె 2,500 రూపాయలు.

గదిలో సుఖముగానే యుంటిమి. సాయంకాలము మువ్వురమును కలిసి భోజనమునకు పోవుట, ఆదివారము వంట చేసికొనుట, అది మాడిపోవుట, ఇవన్నియు యౌవనమున ఉండవలసినవే. కాని ఒకనాడు బస్సులో నిలువబడి తోచక లెక్క వేసితిమి. గదినుండి బస్టాండునకు నడక, బస్సుకొరకు నిరీక్షణ, పయనము, అన్నియు కలిపి రాకపోకలకు దినమునకు రెండున్నర గంటలు. నెలకు 24 పనిదినములైనచో 60 గంటలు. నెలలో రెండున్నర దినములు, రాత్రులతో సహా, మేము బస్సులోనే కాపురముంటిమన్నమాట. ఆ లెక్క చూచి నవ్వుకొంటిమే గాని గది మార్చలేదు. లెక్కలు చూచి మనస్సు మార్చుకొను మనుష్యులు తక్కువ.

మా మొదటి తప్పు 2024 ఫిబ్రవరిలో జరిగెను. ఆ యేడు పసుపు ధర బాగుగ పెరిగినది. బ్యాంకు నిండుగ నుండెడిది. ఒకనాడు సాయంకాలము అయిదు దాటిన పిదప ఒక వృద్ధ రైతు వచ్చెను. తలపాగామీదను, చేతి గోళ్లలోను పసుపు. పసుపు అమ్మిన సొమ్ము ఆయన ఖాతాలో అప్పుడే పడినది. కోడలి బంగారము మాయొద్ద తాకట్టులో నున్నది. మరునాడు ఉదయమున కూతురింట శుభకార్యము. సొమ్ము మినహాయించుకొని నగలు ఇమ్మని ఆయన ప్రార్థన. బంగారముండు ఇనుపపెట్టెకు రెండు తాళపుచెవులు, ఇద్దరియొద్ద నుండును. ఇద్దరు కలిసినగాని అది తెరువబడదు. రెండవవారు ఇంకను కుర్చీలోనే యున్నారు. ఒక చెవి మాయొద్ద నున్నది. పని అర్ధగంటకంటె ఎక్కువ కాదు. కాని మా బస్సు అయిదున్నరకు. ఆ బస్సు తప్పినచో, సీజనులో, గంటన్నర నిలువబడి పోవలసివచ్చును.

"లెక్క మూసినాము తాతా, రేపు రమ్ము" అంటిమి.

లెక్క మూయలేదు. ఆ మాట అబద్ధము. ఆయన మరల అడుగలేదు. అప్పు ఇచ్చువానితో రెండవమారు వాదించుట ఆ తరమువారికి అలవాటు లేదు. మేము సంచి భుజమున వేసికొని పరుగున పోయి బస్సులో కిటికీప్రక్క చోటు సంపాదించితిమి. బస్సు బ్యాంకు ముందుగా పోవునప్పుడు చూచితిమి. ఆయన మెట్లమీద కూర్చుండి తలపాగా విప్పి మడత పెట్టుచుండెను. మరునాడు పదిగంటలకే వచ్చి, నగలు తీసికొని, వ్రేలిముద్ర వేసి, "పోయొస్త సారూ" అని పోయెను. ముహూర్తము ఏ వేళకో మేము అడుగలేకపోతిమి.

ఆ వారమే ఆర్మూరులో ఇల్లు వెదకుటకు నిశ్చయించుకొంటిమి.

మొదట చూచినది పెర్కిట్‌వైపు రహదారిమీది మేడగది. గాలి వెలుతురు బాగుగ నున్నవి. పగలు చూచి సంతోషపడి, అదృష్టవశమున రాత్రి మరల ఒకమారు పోతిమి. కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోవు లారీలన్నియు మా తలగడమీదుగా పోవునట్లు తోచెను. రెండవది పసుపు మెరుగుపెట్టు యంత్రములున్న ఆవరణమునకు ఆనుకొనియున్న గది. ఆ వాసన మొదట హితముగనే యుండును గాని ఆ దుమ్ములో పావుగంట నిలువగానే దగ్గు ఆరంభమయ్యెను. మూడవదాని వెనుక పెండ్లిమంటపము. ఇట్లు అయిదారు ఇండ్లు చూచి యొక సంగతి నేర్చితిమి. పగలు చూచిన యింటిని రాత్రి చూడక బయానా ఇయ్యరాదు. నల్లా నీరు ఏ వేళకు వచ్చునో ఇంటి యజమానిని గాక ప్రక్కయింటివారిని అడుగవలెను.

ఇవి గోడల సంగతులు. అసలు చిక్కు గోడలలో లేదు.

పత్రికలో వ్రాయునప్పుడు మేము "మేము" అని వ్రాయుచున్నాము గాని, ఇంటి యజమాని "ఎందరుంటరు?" అని అడిగినప్పుడు "ఒక్కడనే" అని చెప్పక తప్పదు గదా. ఆ మాట విన్నంతనే ముఖములు మారెడివి. "పెండ్లి గాలేదా? పిలగాండ్లకు ఇయ్యం సారూ. ఫ్యామిలీకైతే ఇస్తం" అనెడివారు. బ్యాంకులో మాకు లక్షల రూపాయల బంగారమునకు తాళపుచెవి ఇచ్చిరి. ఊరిలో పది యడుగుల గదికి ఇయ్యలేదు. మా బ్యాంకులోనే పనిచేయు ఒక సోదరీమణి కష్టము మాకంటె పెద్దది. ఆమెకు ఇయ్యజూపిన గదులలో ఒకదానికి రాత్రి ఎనిమిది గంటలకు ద్వారము మూయుదురట. మరియొకచోట తండ్రి వచ్చి చెప్పినగాని మాటయే లేదట. ఆమె నేటికిని నిజామాబాదులోని స్త్రీల వసతిగృహమునుండి బస్సులోనే వచ్చుచున్నది. ఆమె సాయంకాలము అయిదున్నరకు లేచి పోయినచో ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. మాకు ఎంచుకొను వీలుండెను. ఆమెకు లేదు.

మా రెండవ తప్పు ఈ వెదకులాటలోనిది. ఊరికి కొంచెము ఎడముగా క్రొత్తగా వెలసిన ఇండ్లలో ఒక మేడ. యజమాని యుద్యోగము చేసి విరమించిన పెద్దమనిషి. చదువుకొన్నవాడు, మితభాషి. పెండ్లికాని సంగతి ఆయనకు అడ్డుగా తోచలేదు. బ్యాంకు ఉద్యోగమని సంతోషించెను. పింగాణి కప్పులో తేనీరు తెప్పించెను. పేరు అడిగెను, చెప్పితిమి. ఇంటిపేరు అడిగెను, చెప్పితిమి. ఆ యింటిపేరు రెండు మూడు కులములలో నున్నది. ఊరడిగెను. పిదప తేనీరు చల్లార్చుకొనుచు, ఏమియు నెరుగనట్లు, "ఊర్లె ఏ వాడ మీది?" అని అడిగెను.

చదువరులారా, ఆ ప్రశ్నయొక్క అర్థము తెలియనివారు మన దేశమున లేరు. మా యిల్లు ఏ వాడలో నున్నదో చెప్పుటకు మా తండ్రిగారు ఎన్నడును సంకోచింపలేదు. మేము చెప్పినది మాత్రము ఇది: "తపాలాఫీసు దగ్గరండి." అది సత్యమే. తపాలాఫీసు మా వాడకు ముందున్నది. దాని ముందువైపు ఒక వాడ, వెనుకవైపు ఒక వాడ. ఆయన ముందువైపు అనుకొనెను. అనుకొనునని యెరిగియే అట్లు చెప్పితిమి. 5,000 రూపాయలు బయానా ఇచ్చి తాళపుచెవి తీసికొంటిమి.

ఆ మేడలో తొమ్మిది రాత్రులు పండుకొంటిమి. చక్కని గది, వెనుక చల్లని గాలి, కిటికీలోనుండి సిద్ధులగుట్ట కనబడును. ఉద్యోగమునకు నడచి పది నిమిషములు. కోరినదంతయు దొరకెను, నిద్ర తప్ప. తల్లి ఫోను చేసి "నేను వచ్చి నాలుగు దినములుండి వంట చేసిపెట్టనా?" అని అడిగినప్పుడు ఇప్పుడు వద్దంటిమి. ఎందుకు వద్దంటిమో ఆలోచించి చూచుకొనగా, ఆమె వచ్చి క్రిందివారితో మాటలాడునేమో యని మా భయము. తపాలాఫీసు మాట ఆమెకు తెలియదు. ఆమె దాచదు. మమ్ము చదివించుటకు ఇరువది యేండ్లు పొలములో వంగిన మనిషిని మా గది చూడనీయలేని స్థితికి తొమ్మిది రాత్రులలో వచ్చితిమి.

అస్పృశ్యతను నిషేధించు 17వ అధికరణము గల రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి అమలులో నున్నది. అది మాకు కంఠస్థమే. పరీక్షలో మార్కులును వచ్చినవి. కాని రాజ్యాంగము చేతబట్టుకొని గది అద్దెకు తీసికొనువాని నెవ్వనిని మేము చూడలేదు. పదవనాటి ఉదయము క్రిందికి దిగి మా వాడ పేరు స్పష్టముగ చెప్పితిమి. పెద్దమనిషి కోపపడలేదు. కొంతసేపు నేలచూపులు చూచెను. "నాకేం లేదు సారూ, ఇంట్ల పెద్దోళ్లున్నరు" అనెను. ఉన్న నాళ్ల అద్దె పట్టుకొని తక్కిన సొమ్ము పైసతో సహా లెక్కించి ఇచ్చెను. సామాను సర్దుకొనుటకు వారము గడువును ఇచ్చెను. తేనీరును తెప్పించెను. ఈ మారు కాగితపు కప్పులో వచ్చెను.

మరల నిజామాబాదు బస్సు. రెండు వారములు.

అటుపిమ్మట ఇల్లు దొరకినది వెదకుటవలన గాదు. మా బ్యాంకునకు నెలనెలా వచ్చు ఒక ముసలమ్మ యుండెను. బీడీలు చుట్టి బ్రతికిన మనిషి. కుమారుడు పంపు సొమ్ము తీసికొనుటకు వచ్చును. ఇచ్చటివారికి గల్ఫు దేశములన్నియు దుబాయియే. ఆమె కుమారుడు నిజమునకు సౌదీ అరేబియాలోని రియాదులో నున్నాడు. సొమ్ము పడినదా లేదా యని చూచిపెట్టునప్పుడు మాటలలో మా సంగతి వచ్చెను. "మా యింట్ల కొడుకు అర్ర ఖాళిగనే ఉన్నది, చూస్తవా బిడ్డా?" అనెను.

ఈ ప్రాంతమున ఇట్టి ఇండ్లు అనేకములున్నవి. ఎడారిలో సంపాదించిన సొమ్ముతో కట్టినవి. నున్నని గచ్చు, రంగుల గేటు, పైన పేరు చెక్కిన రాయి. లోపల ఒక ముసలితల్లియో, ఒక కోడలును ఇద్దరు పిల్లలునో. కట్టినవాడు రెండేండ్లకొకమారు వచ్చి నెల రెండు నెలలు ఉండి పోవును. ఇది క్రొత్త సంగతి కాదు. ఇంటికి దూరముగా కూలికి పోవుట తెలంగాణపు పల్లెలకు తాతల నాటినుండి వచ్చినదే. బొంబాయిలోని కామాటిపురమునకు ఆ పేరు ఇటునుండి కట్టుబడి పనులకు పోయిన కామాటీలవలన వచ్చినది. కాని వారెవ్వరును ఎచ్చట నివసింపవలెనని విచారించినవారు కారు. నేటి గల్ఫు కూలివాండ్రలో అధికులకును ఆ విచారణ లేదు. పని యిచ్చినవాడు చూపిన శిబిరమున, చూపిన మంచముమీద పండుకొనవలెను. ఆ మంచములును ఒకదానిపై నొకటి. ఎంచుకొనుట యనునది మాకు ఎంత పెద్ద భాగ్యమో ఆ గది చూచువరకు మాకు తెలియలేదు.

గది చూచితిమి. గోడకు కుమారుని పెండ్లి ఛాయాచిత్రము. కోడలు కాన్పుకు పుట్టినింటికి పోయి యచ్చటనే యున్నది. అలమరలో అతని చొక్కాలు మడతపెట్టి యున్నవి, నాఫ్తలీను గోళీలతో. ఈ మారు అడుగకముందే చెప్పవలెనని మేము నిశ్చయించుకొని పోతిమి. గడపలో నిలువబడి పేరు, ఇంటిపేరు, ఊరు, తపాలాఫీసు, దాని వెనుకనున్న వాడ, అన్నియు వరుసగ చెప్పితిమి. బడిలో పద్యము అప్పజెప్పినట్లు చెప్పితిమి. ముసలమ్మ చాటలోని తునికాకు కత్తిరించుచు వినెను. తల యెత్తలేదు.

"నాకెందుకు బిడ్డా? నా కొడుకు ఆడ ఎవ్వలెవ్వలతోని పంటున్నడో నేనడిగిన్నా?" అనెను. పిదప, "పొద్దుగాల ఎన్నింటికి లేస్తవు? నల్లా అయిదింటికస్తది. నాకు బిందె లేవది" అనెను.

అద్దె 3,000 రూపాయలు, అయిదింటికి లేచుట అదనము.

ఆమెను దేవతగ చిత్రింప మాకు ఇష్టము లేదు. అద్దె అయిదవ తేదీ దాటినచో ఆరవ తేదీ ఉదయముననే తలుపు తట్టును. దీపము వృథాగ వెలిగినచో వాడకట్టు వినునట్లు అరచును. మొదటి నాళ్లలో వంటయింటి గడప దాటవద్దని ఆమె యెన్నడు ననలేదు. మేమును దాటలేదు. ఆ విషయమున మా యిద్దరికి ఒక మాటలేని ఒడంబడిక యుండెను. అది ఎన్నాళ్లుండెనో చెప్పగలము. వానకాలమున ఆమెకు జ్వరము వచ్చి రెండు దినములు లేవలేదు. రెండవనాడు మేము లోనికి పోయి పొయ్యి వెలిగించి జావ కాచితిమి. మా వంట సంగతి పైననే చెప్పియున్నాము, జావయు అడుగంటెను. ఆమె రెండు గుటకలు త్రాగి, "ఉప్పెయ్యలే" అనెను. లేచి తిరుగసాగిన పిదప జొన్నరొట్టె చేసి, లోపలనుండియే, "ఈడికొచ్చి తిను, చల్లారుతది" అని పిలిచెను.

మా తల్లి దసరాకు వచ్చి ఆరు దినములుండెను. ఇద్దరును వాకిట కూర్చుండి మాటలాడుకొనిరి. ఏమి మాటలాడుకొనిరో మేము వినలేదు. ఆరవనాటికి మా తల్లికి బీడీ చుట్టుట వచ్చెను.

శుక్రవారము కుమారునికి సెలవు. ఆనాటి సాయంకాలము, మేము బ్యాంకునుండి రాగానే, ఫోనులో బొమ్మ కనబడునట్లు కలిపిపెట్టుట మా పని. అతడు మంచముపై కూర్చుండి మాటలాడును. వెనుక మంచములమీద మరి కొందరు, ఒకడు బట్టలు ఆరవేయుచు, ఒకడు నిద్రించుచు కనబడుదురు. ఒకమారు అతడు, "అమ్మా, ఫోను కొంచెం తిప్పు, అర్ర చూస్త" అనెను. మేము ఫోను పట్టుకొని గదియంతయు త్రిప్పి చూపితిమి. అతని గోడ, అతని కిటికీ, అతని మంచముమీద మా దుప్పటి. అతడు ఏమియు ననలేదు. "మంచిగుంచినవు అన్నా" అనెను. మా కంటె అతడు నాలుగేండ్లు పెద్ద. అన్నా యని పిలుచుట అద్దెకున్నవానిపై గౌరవమువలననో, బ్యాంకు ఉద్యోగమువలననో తెలియదు. మాకు మాత్రము సిగ్గుగ నుండెను.

ఇక బ్యాంకు సంగతి. 2025 పసుపు సీజనులో చాల దినములు మా ఇనుపపెట్టె రాత్రి ఏడు గంటలవరకు తెరిచియుండెను. రెండవ తాళపుచెవి గల మిత్రుడు మొదట సణిగినను, ఆయనయు ఆర్మూరువాడే గావున, నిలిచెను. దీనికి మాకు ఎవ్వరును బహుమానమియ్యలేదు. ఇయ్యవలసినదియు లేదు. ఇంటికి పది నిమిషముల నడక గలవాడు ఏడింటివరకు కూర్చుండుటలో ఘనత యేమున్నది? ఆ వృద్ధ రైతు ఆ యేడును వచ్చెను. ఈ మారు మధ్యాహ్నమే వచ్చెను. ఆలస్యముగ రాకూడదని ఆయన నేర్చుకొనెను గాబోలు. తాతా, ఇప్పుడు సాయంకాలమును రావచ్చునని చెప్పితిమి. "అట్లనా" అనెను గాని నమ్మినట్లు తోచలేదు.

నిజామాబాదు మిత్రులు ఇప్పుడును పిలుచుచుందురు. ఆదివారములలో పోవుదుము. వారును అంకాపూరు నాటుకోడి కూరకొరకు ఇటు వచ్చుచుందురు. ఆ యూరు మాకు మిక్కిలి దగ్గర. ఆ కూర రుచినిగూర్చి వ్రాసినచో సంపాదకులు పుటలు చాలవందురు.

ఈ వ్యాసము ముగించునప్పటికి ఒక వార్త వచ్చినది. కుమారునికి రెండు నెలల సెలవు దొరకినది. వచ్చే నెలలో వచ్చును. కోడలును బిడ్డతో వచ్చును. గది అతనిది. మేము మరల ఇల్లు వెదకవలెనని తలచి, ముసలమ్మతో ఆ మాట మెల్లగ చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, వాకిటి ప్రక్క బీడీ ఆకు నిలువచేయు చిన్న కొట్టును చూపి, "ఆకు తీసి ఇంట్ల పెడ్త. మంచం పడ్తదో లేదో కొలువు" అనెను.

కొలిచితిమి. ఆరడుగుల మంచము పట్టును. తలుపు మాత్రము లోపలికి తెరుచుకొనదు. తలుపును బయటికి త్రిప్పి బిగించుటకు వడ్రంగి ఆదివారము వచ్చెదనన్నాడు.